ఇద్దరు కాటన్లు



గోదావరి జిల్లాల్లో కాటన్ అని పేరెత్తితే ఏ కాటన్ అని ఎవరూ అడగరు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర, అంతే. ఊరి కూడలిలో ఆయన విగ్రహం ఉంటుంది. పంచాయతీ ఆఫీసులో పటం ఉంటుంది. కొన్ని ఇళ్లలో దేవుడి పటాల వరసలోనే ఆయన పటమూ ఉంటుంది. అదే పేరు గువాహటిలో ఎత్తండి. అక్కడా ఏ కాటన్ అని ఎవరూ అడగరు. కాకపోతే అక్కడివాళ్ల మనసులో మెదిలే మనిషి వేరు. ఆయన హెన్రీ కాటన్. బ్రహ్మపుత్ర లోయలో మొట్టమొదటి కాలేజీ తెరిపించినవారు. ఇప్పటి కాటన్ విశ్వవిద్యాలయం ఆయన పేరు మీదిదే. గాయకుడు భూపేన్ హజారికా ఇంటర్మీడియట్ చదివింది అక్కడే.

మనవైపు నుంచి అస్సాం వెళ్లినవాళ్లు ఆ బోర్డు చూసి, ఇక్కడా మన కాటన్ దొరే ఉన్నాడని సంబరపడటం సహజం. హెన్రీ ఈయన కొడుకో, తమ్ముడి కొడుకో అయి ఉంటాడనుకోవడమూ సహజమే. ఆ ఇద్దరి గురించీ, అదే ఇంటిపేరుతో ఈ దేశంలో పనిచేసిన మరికొందరి గురించీ ఈ పావుగంటలో మీతో మాట్లాడతాను.

మన దగ్గర కొత్తగా పరిచయమైనవాళ్లతో ఇంటిపేరు కలిస్తే వెంటనే గోత్రం అడుగుతాం. ఏ ఊరని అడుగుతాం. మూడు నాలుగు తరాలు వెనక్కి వెళ్లి ఎక్కడో ఒకచోట చుట్టరికం తేలుస్తాం. ఈ కాటన్ల విషయంలోనూ ఆ పని చేసి చూద్దాం.

ఆర్థర్ కాటన్‌ది ఇంగ్లండులోని కాంబర్‌మియర్ కాటన్ల వంశం. భూములూ బిరుదులూ ఉన్న ఇల్లు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కు ఆర్థర్ పదో కొడుకు. ఆ ఇంటి మగపిల్లలు సైన్యంలోకో, చర్చిలోకో, ఇంజనీరింగులోకో వెళ్లారు. అన్న సిడ్నీ 1857 తిరుగుబాటు నాటికి పెషావరులో సేనల్ని నడుపుతున్నాడు. ఇంకో అన్న రిచర్డ్ ఆక్స్‌ఫర్డులో ఒక కాలేజీకి పెద్ద. తమ్ముడు ఫ్రెడరిక్ కూడా మద్రాసు ఇంజనీరే. పెదనాన్న కొడుకు స్టేపుల్టన్ కాటన్ ఇండియాలో సర్వసేనానిగా ఉండి 1826లో భరత్‌పూర్ కోట పట్టుకున్నాడు.

హెన్రీ కాటన్ వంశం మొదలు వేరే చోట దొరుకుతుంది. సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్లో నథానియల్ కాటన్ అనే డాక్టరు మతి చలించినవారికి వైద్యం చేసేవారు. ఆయన కవి కూడా. ఆంగ్ల కవి విలియం కౌపర్ ఆయన దగ్గరే కోలుకున్నాడు. ఆ డాక్టరు కొడుకు జోసెఫ్ నావికుడై, తర్వాత ఈస్టిండియా కంపెనీ డైరెక్టరయ్యాడు. జోసెఫ్ కొడుకు జాన్ కూడా కంపెనీ డైరెక్టరే. జాన్ కొడుకు మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేశాడు. ఆయన కొడుకు హెన్రీ. ఇంటిపేరు ఒకటే, ఇళ్లు వేరు.

బెంగళూరులోనూ సిమ్లాలోనూ బిషప్ కాటన్ పేరుతో బడులున్నాయి. ఆ జార్జ్ కాటన్ కలకత్తా బిషప్. 1866లో కుష్టియా దగ్గర స్టీమరు ఎక్కబోతూ కాలు జారి నదిలో పడిపోయారు, శవం కూడా దొరకలేదు. ఆయన పని బడులూ చర్చీ. మన కథ మాత్రం ఆర్థర్, హెన్రీలదే.

ముందు ఆర్థర్. 1803 మే 15న పుట్టారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడిగా 1821లో మద్రాసు వచ్చారు. మొదట ఆయన చేతికొచ్చిన నది గోదావరి కాదు, కావేరి. అక్కడ కొల్లడం అనే పాయ కావేరి నీళ్లన్నీ లాగేసుకుంటుంటే తంజావూరు పొలాలు ఎండిపోతున్నాయి. 1836లో కొల్లడం మీద ఎగువనొకటి, దిగువనొకటి రెండు ఆనకట్టలు కట్టి నీటిని మళ్లీ పొలాలకు మళ్లించారు. ఆ పనిలోనే ఆయన కంట పడింది చోళుల కాలం నాటి కల్లణై. ఇసుకలో పునాది వేసి, దాని మీద రాయి పేర్చి, వందల ఏళ్లు నిలిచిన కట్టడం. అది కట్టినవాళ్లను ఆయన గురువుల్లా తలుచుకునేవారు. గోదావరి దగ్గర ఆయన ధైర్యానికి మూలం ఆ పాత కట్టడమే. ఈ మాట మన ఊళ్లలో ఆయన జయంతి సభల్లో తక్కువగా వినిపిస్తుంది. వినిపించాలి.

గోదావరి అప్పుడెలా ఉందో చెప్పుకోవాలి. 1833 నాటి డొక్కల కరువు కృష్ణా, గుంటూరు వైపు ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. గోదావరి మండలమూ ఆ దెబ్బ తిన్నది. 1839లో కోరంగి మీద ఉప్పెన విరుచుకుపడింది. రాజమండ్రి జిల్లాలో 1821 నాటి జనాభా లెక్కకూ 1841 నాటి లెక్కకూ మధ్య నాలుగో వంతు దాకా మనుషులు తగ్గిపోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు వలస పోయారు. ఊరు పక్క నుంచే మహానది పారుతుంటే చేను ఎండిపోయింది. ఏటా వరదనీరు సముద్రం పాలైంది.

ఆర్థర్ 1840ల మధ్యలో ప్రభుత్వానికి రిపోర్టులు పెట్టారు. ధవళేశ్వరం దగ్గర నదిని అడ్డగించి కాలువలు తీస్తే ఈ జిల్లా తంజావూరులా అవుతుందన్నారు. కంపెనీ దొరలు కరిగిపోవడానికి జాలి ఒక్కటే సరిపోదని ఆయనకు తెలుసు. ఎంత ఖర్చవుతుంది, శిస్తు ఎంత పెరుగుతుంది అని లెక్కలు కట్టి చూపించారు. డెల్టాకు నీళ్లిచ్చిన ఆ ప్రభుత్వమే డెల్టా నుంచి శిస్తూ నీటితీరువా పిండుకుంది. ఆనకట్ట ప్రజల కోసమూ కట్టారు, ఖజానా కోసమూ కట్టారు. ఈ రెండో సగం దాచిపెట్టి ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. దాచకపోయినా ఆయన పెద్దరికానికి తరుగేమీ రాదు.

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం దగ్గర నది లంకల మధ్య పాయలు పాయలుగా చీలుతుంది. అందుకని ఆనకట్ట నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ముక్కలన్నీ కలిపితే రాతికట్టడమే రెండు మైళ్ల పైచిలుకు. అడుగున ఎంత తవ్వినా ఇసుకే, గట్టి రాయి తగలదు. అందుకే ఇసుకలో బావులు దింపారు. వరసగా బావులు, వాటి నిండా రాయి. వాటి మీద సున్నంతో గోడ. గోడకు దిగువన పెద్ద పెద్ద రాళ్లు వదులుగా పరిచారు. గోడ దాటి దూకే నీరు ఇసుకను తొలిచేస్తే ఆ రాళ్లు కిందికి దిగి ఆ గుంట పూడ్చేవి. మరో వరస రాళ్లు పైన వేసేవారు. నదితో గట్టిగా తలపడకుండా, నది తొలిచినకొద్దీ సర్దుకుపోయే కట్టడం అది. ధవళేశ్వరం కొండలో రాయి కొట్టి, పట్టాల మీద బండ్లలో నది ఒడ్డుకు తెచ్చి, పడవల్లో ఎక్కించి పంపేవారు.

ఆ రాయి కొట్టిందీ, మోసిందీ, నీళ్లలో దిగి పేర్చిందీ మనవాళ్లే. వేలమంది. వాళ్ల పేర్లు ఏ రిజిస్టరులోనూ మనకు మిగల్లేదు. ఒక్క వీణెం వీరన్న పేరు మాత్రం మిగిలింది. దొరకూ కూలీలకూ మధ్య నిలబడి, మనుషుల్ని కూడగట్టి పని నడిపించినవారు ఆయన. మధ్యలో ఆర్థర్‌కు ఆరోగ్యం చెడి కొంతకాలం ఆస్ట్రేలియా వెళ్లాల్సి వచ్చింది. అప్పుడు కెప్టెన్ ఆర్ పని చూశారు. 1852కి ఆనకట్ట పూర్తయింది. ఆ ఆర్ చేతుల మీదే 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కూడా లేచింది. తర్వాత కాలువలు కలుపుకుంటూ పోగా కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవ ప్రయాణం సాగింది.

ఆయన ఇంగ్లండు వెళ్లాక కూడా ఊరుకోలేదు. ఇండియాకు రైళ్ల కన్నా కాలువలు ముఖ్యమని వాదించారు. ఒకే కాలువ పొలానికి నీళ్లిస్తుంది, సరుకు పడవలనూ మోస్తుంది, కరువొస్తే ధాన్యం చేరవేస్తుంది, ఖర్చూ తక్కువ అన్నారు. నదులన్నిటినీ కాలువలతో కలపాలన్నారు. రైల్వేల్లో డబ్బు పెట్టినవాళ్లకూ ప్రభుత్వానికీ ఇది నచ్చలేదు. ఆయన సలహాతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువ అనుకున్నంత లాభం తేలేదు. ఆ లెక్క చూపించి ఆయన్ని నిలదీశారు. 1878లో పార్లమెంటు సెలక్టు కమిటీ ఆయన్ని పిలిచి ప్రశ్నలు వేసింది. అప్పుడాయన వయసు డెబ్బై అయిదు. దేశంలో 1876 నుంచి 1878 దాకా మహాకరువు లక్షల మందిని మింగింది. ఇన్ని ప్రాణాలు పోయాక కూడా ఖర్చు లెక్కలు అడుగుతారా అన్నది ఆయన బాధ. 1899 జులైలో తొంభై ఆరేళ్ల వయసులో పోయారు. మరుసటి ఏడే కూతురు, లేడీ హోప్, ఆయన జీవితచరిత్ర వేయించింది.

ఇప్పుడు కుంభకోణం వెళ్దాం. 1845లో అక్కడ ఒక పిల్లాడు పుట్టాడు. తండ్రి జోసెఫ్ జాన్ కాటన్ మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. ఆ పిల్లాడే హెన్రీ. కుంభకోణం చుట్టూ ఉన్న పొలాలు ఏ నీటితో పండుతున్నాయంటే, అంతకు తొమ్మిదేళ్ల ముందు ఆర్థర్ కాటన్ మళ్లించిన కావేరి నీటితో. చుట్టరికం లేని ఆ రెండు కాటన్ ఇళ్లకూ నిజంగా ఒక కలయిక ఉందంటే అది ఆ వరిచేలలోనే అని నాకనిపిస్తుంది.

హెన్రీ 1867లో సివిల్ సర్వీసు ఉద్యోగిగా బెంగాల్ వచ్చారు. మొదటి ఉద్యోగం మిడ్నపూర్‌లో. ముప్ఫై అయిదేళ్ల సర్వీసులో ఎక్కువ భాగం బెంగాల్లోనే గడిచింది. 1883లో ఇల్బర్ట్ బిల్లు వచ్చింది. భారతీయ మేజిస్ట్రేటు తెల్లవాడి మీద కేసు విచారించవచ్చునన్నది ఆ బిల్లు. కలకత్తాలోని తెల్లవాళ్లు భగ్గుమన్నారు. క్లబ్బుల్లో కలిసి కూర్చునే స్నేహితులే కత్తులు నూరారు. హెన్రీ కాటన్ బిల్లు పక్షాన నిలబడ్డారు. 1885లో, కాంగ్రెసు పుట్టిన ఏడాదే, కొత్త ఇండియా గురించి ఒక పుస్తకం అచ్చు వేయించారు. చదువుకున్న భారతీయులు తమ దేశ పాలనలో పాలు అడగడం న్యాయమని అందులో వాదించారు. కొలువులో ఉంటూ ఈ మాట అచ్చులో పెట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

1896లో అస్సాం చీఫ్ కమిషనర్ అయ్యారు. మరుసటి ఏడు జూన్‌లో మహాభూకంపం వచ్చి షిల్లాంగ్ నేలమట్టమైంది. ఆ శిథిలాల మీదే పరిపాలన మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది. అసలు పరీక్ష మాత్రం టీ తోటల్లో ఎదురైంది.

తోటలకు కూలీలు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. ఛోటానాగపూర్ నుంచి, ఒడిశా నుంచి, అప్పట్లో మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా. కాంట్రాక్టు మీద వేలిముద్ర పడ్డాక మనిషి తన చేతిలో తాను ఉండడు. గడువు తీరేలోగా పారిపోతే నేరం. పారిపోయిన కూలీని వారంటు లేకుండా తోట యజమానే పట్టి తెచ్చుకోవచ్చునని చట్టం. కూలి మగవాడికి నెలకు అయిదు రూపాయలు, ఆడమనిషికి నాలుగు. ఆ రేటు చట్టంలోకి ఎక్కాక బియ్యం ధర పెరిగింది, కూలి మాత్రం పెరగలేదు. విశాఖ మన్యం నుంచో, గంజాం నుంచో ఓడ ఎక్కి, స్టీమరు ఎక్కి, అక్కడి జ్వరాలు తట్టుకుని బతికి బయటపడ్డ మనిషికి నెల చివర దక్కేది ఆ అయిదు రూపాయలు.

హెన్రీ కాటన్ వచ్చిన కొత్తలో తోట యజమానుల్ని మెచ్చుకున్నారు. తర్వాత జిల్లా అధికారుల నుంచి వివరాలు తెప్పించుకుని చూసేసరికి ఆయన అభిప్రాయం మారిపోయింది. కొట్టడాలు, కూలి కోతలు, కోర్టుల్లో కూలీకి ఒక న్యాయం, దొరకు ఒక న్యాయం. అవన్నీ రిపోర్టుకెక్కించారు. 1901లో కొత్త చట్టం వస్తున్నప్పుడు కనీస కూలి పెంచి తీరాలన్నారు. తోటల యజమానులు, వాళ్ల పత్రికలు ఆయన మీద దాడి చేశాయి. వైస్రాయ్ కర్జన్ మొదట్లో ఆయన వైపు మొగ్గినా, చివరికి తోటల ఒత్తిడికి తలొగ్గి కూలి పెంపును రెండేళ్లు వాయిదా వేశాడు. 1902లో హెన్రీ కాటన్ కొలువు వదిలి వెళ్లిపోయారు. యజమాని చేతిలోని ఆ అరెస్టు అధికారం పోవడానికి 1908 దాకా పట్టింది.

కాలేజీ సంగతి కూడా ఆ గొడవల మధ్యనే. అంతకు ముందు అస్సామీ కుర్రాడు పై చదువు చదవాలంటే కలకత్తా వెళ్లాల్సిందే. అంత స్తోమత ఎందరికి ఉంటుంది? గువాహటిలో మాణిక్ చంద్ర బరువా వంటి పెద్దలు కాలేజీ కావాలని అడిగారు. 1899 నవంబరులో హెన్రీ కాటన్ సరేనని ప్రకటించారు. ఆర్థర్ కాటన్ కన్నుమూసింది అదే ఏడాది జులైలో. 1901 మే 27న కాలేజీ తలుపులు తెరిచారు. ముప్ఫై తొమ్మిది మంది విద్యార్థులు, అయిదుగురు ఆచార్యులు.

కొలువు వదిలిన రెండేళ్లకు కాంగ్రెసువాళ్లు ఆయన్ని అధ్యక్షుడిగా పిలిచారు. 1904 డిసెంబరులో బొంబాయి మహాసభ. భారతదేశానికి తగిన భవిష్యత్తు ఏమిటంటే సమాఖ్యగా ఉండే స్వయంపాలిత రాష్ట్రాలు అని ఆ వేదిక మీద చెప్పారు. బ్రిటన్‌తో బంధం తెంచుకోమని ఆయన అనలేదు. ఆ మాట అనేంత దూరం ఆయన రాలేదు, ఆ కాలానికి మన నాయకుల్లో చాలామందీ రాలేదు. సభ తీర్మానాలను స్వయంగా అందజేస్తానంటే కర్జన్ దర్శనం ఇవ్వలేదు. ముప్ఫై అయిదేళ్లు అదే ప్రభుత్వానికి పనిచేసిన మనిషికి, సర్ బిరుదున్న మనిషికి, ప్రజల కాగితం చేత్తో పట్టుకుని వస్తే గడప మూసుకుపోయింది. 1905 జనవరిలో కలకత్తా టౌన్ హాల్లో బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా జరిగిన సభకు ఆయనే అధ్యక్షత వహించారు.

ఆ విభజన వ్యతిరేకోద్యమం 1907లో బిపిన్ చంద్ర పాల్ వెంట మన కోస్తా జిల్లాలకు వచ్చింది. రాజమండ్రిలో ట్రెయినింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం అన్నారు. వాళ్లలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు కాలేజీ నుంచి బహిష్కృతులయ్యారు. ఇదంతా జరిగింది ధవళేశ్వరానికి కూతవేటు దూరంలో. అదే ఏడు లాలా లజపత్ రాయ్‌ను విచారణ లేకుండా మాండలేకు పంపేస్తే, లండన్ పార్లమెంటులో ప్రభుత్వాన్ని నిలదీసిన సభ్యుల్లో నాటింగ్‌హామ్ నుంచి గెలిచిన హెన్రీ కాటన్ ఒకరు. 1910 దాకా అక్కడ ఉన్నారు. 1915లో పోయారు.

వీళ్లిద్దరిలో ఎవరు గొప్ప అని నన్నడిగితే నేను చెప్పను. ఆర్థర్ కాటన్ నీరిచ్చారు. పొలానికి నీరు ఎవరి చేతి మీదుగా రావాలి, శిస్తు ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్న ఆయన వేయలేదు. హెన్రీ కాటన్ ఆ ప్రశ్న వేశారు, కానీ టీ తోట కూలీకి తక్షణం ఒక్క రూపాయి పెంచి ఇప్పించలేకపోయారు. ఇద్దరికీ ఉమ్మడిగా నాకు కనిపించేది ఒకటే. తమ జీతం ఇచ్చే ప్రభుత్వంతోనే, తమ జాతివాళ్లతోనే, మన తరఫున పోట్లాడారు. పోట్లాట వల్ల పరువు పోతుందని తెలిసీ వెనక్కి తగ్గలేదు. ఒకరు సెలక్టు కమిటీ ముందు, ఇంకొకరు వైస్రాయ్ గడప దగ్గర.

మనం మొదటాయనకు ఊరూరా విగ్రహాలు పెట్టాం. రెండో ఆయన పేరు మన పిల్లలకు తెలియదు. గంజాం, విశాఖ నుంచి వెళ్లినవాళ్ల వారసులు ఇప్పటికీ అస్సాం తోటల్లో ఉన్నారు. వాళ్ల ముత్తాతల కూలి కోసం ఒక చీఫ్ కమిషనర్ వైస్రాయ్‌తో తలపడ్డాడని మన బడుల్లోనూ చెప్పాలి. ధవళేశ్వరం మ్యూజియానికి పిల్లల్ని తీసుకువెళ్లే మాస్టార్లు ఆనకట్ట నమూనాల ముందు నిలబడినప్పుడు వీణెం వీరన్న గురించి చెప్పినట్టే ఈ రెండో కాటన్ గురించీ ఒక మాట చెబితే బాగుంటుంది.

హెన్రీ ఇంట్లో ఆ సేవ తర్వాతి తరానికీ సాగింది. పెద్ద కొడుకు ఎవాన్ కలకత్తాలో బారిస్టరు. లండన్లో కాంగ్రెసు తరఫున వచ్చిన ఇండియా అనే పత్రికకు చాలా ఏళ్లు సంపాదకుడు. 1922 నుంచి 1925 దాకా బెంగాల్ శాసనమండలి అధ్యక్షుడు. ఇంకో కొడుకు జూలియన్ మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే సివిల్ సర్వీసు చేశాడు. ప్రెసిడెన్సీలోని పాత సమాధుల మీద రాతలు సేకరించి 1905లో పుస్తకం వేశాడు. మచిలీపట్నం డచ్చివారి సమాధులూ అందులో ఉన్నాయి. హెన్రీ తమ్ముడు జేమ్స్ కూనూరులో పుట్టి లండన్లో పత్రికా సంపాదకుడయ్యాడు. ఇరవై ఆరు సంపుటాలుగా వచ్చిన ఇంపీరియల్ గెజెటీరుకు లండన్‌లో సంపాదకత్వం వహించింది ఆయనే. మన జిల్లాల చరిత్ర రాసే ప్రతివారూ ఆ గెజెటీరు తిరగేస్తారు. అందులో గోదావరి జిల్లా పుటలు తీసి చూస్తే ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు, అవి పారించే పొలాల విస్తీర్ణం వివరంగా కనిపిస్తాయి. ఒక ఇంటి కాటన్ కట్టిన దానిని ఇంకో ఇంటి కాటన్ అచ్చులో నిలిపాడు.